ఫారో పక్కన రాణి ఎంత ఎత్తు? ఈజిప్టు రాజకుటుంబాల బొమ్మలు, మన రాయలవారి విగ్రహాలు

ఈజిప్టు అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేవి మూడే: పిరమిడ్లు, మమ్మీలు, టుటంఖామున్ బంగారు ముసుగు. కువైట్‌లో ఉన్నవాళ్ళకి నాలుగోది కూడా ఉంది - ఆఫీసులో పక్క సీట్లో కూర్చునే ఈజిప్షియన్ సహోద్యోగి. ఇక్కడున్న విదేశీయుల్లో మన భారతీయుల తర్వాత ఎక్కువమంది వాళ్ళే. కైరో ఇక్కడికి విమానంలో సుమారు మూడు గంటల దూరం. అందుకే ఈద్ సెలవులకో, పిల్లల స్కూలు సెలవులకో అటు వెళ్ళొచ్చే తెలుగు కుటుంబాలు మన మధ్య కొన్ని ఉన్నాయి. తిరిగొచ్చాక "ఎలా ఉందండీ మ్యూజియం?" అని అడిగితే, "అన్నీ ఒకేలా ఉన్నాయండీ! పక్కకి తిరిగిన మొహాలు, ముందుకి వేసిన ఎడమకాలు" అనే మాట నేను చాలాసార్లు విన్నాను.

ఒకేలా ఉన్నమాట నిజమే. అయితే అది శిల్పికి చేతకాక కాదు. మూడు వేల ఏళ్ళపాటు ఆ బొమ్మలు ఒక వ్యాకరణం ప్రకారం తయారయ్యాయి. ఎవరు పెద్ద, ఎవరు చిన్న, ఎవరి చెయ్యి ఎవరి భుజం మీద ఉంది, ఎవరు అసలు బొమ్మలోనే లేరు - ప్రతిదానికీ అర్థం ఉంది. ఆ వ్యాకరణం కొంచెం తెలిస్తే ఆ రాజకుటుంబాల కథలు వాటంతట అవే కనిపిస్తాయి. మా ఆఫీసులో ఒక ఈజిప్షియన్ మిత్రుడు "మీ రాజులు కూడా భార్యలతో కలిసి విగ్రహాలు చేయించుకున్నారా?" అని అడిగాడు. చేయించుకున్నారు, వాటి ముందు నుంచి మనం ఎన్నోసార్లు నడిచి వెళ్ళాం కూడా! ఆ సంగతి చివర్లో చెప్తాను.

బొమ్మ అంటే అలంకారం కాదు

ముందుగా ఒక విషయం. ప్రాచీన ఈజిప్టులో రాజు బొమ్మ గోడకి అందం కోసం వేసింది కాదు. చాలా బొమ్మలు సమాధుల లోపల, మూసేసిన గదుల్లో ఉన్నాయి. వాటిని చూసేవాళ్ళే లేరు. మరి ఎందుకు చేసినట్టు?

మనిషి పోయిన తర్వాత అతని ప్రాణశక్తి నిలవడానికి ఒక చోటు కావాలని వాళ్ళ నమ్మకం. శరీరం పాడైపోతే విగ్రహం ఆ పని చేస్తుంది. విగ్రహం పూర్తయ్యాక 'నోరు తెరిచే' కర్మ అని ఒక తంతు చేసేవాళ్ళు. దాంతో ఆ విగ్రహం ఊపిరి పీల్చగలదు, నైవేద్యం అందుకోగలదు అని భావించేవాళ్ళు. గుడిలో ప్రాణప్రతిష్ఠ, నేత్రోన్మీలనం చూసిన మనకి ఇది వింతగా అనిపించదు.

బొమ్మతో పాటు పేరు కూడా ముఖ్యమే. బొమ్మ మీద పేరు ఉన్నంతకాలం ఆ మనిషి ఉన్నట్టే. పేరు గీకేస్తే ఆ మనిషికి రెండోసారి చావు. అంటే రాజుకీ, రాణికీ తమ బొమ్మ ఎలా ఉండాలన్నది చావుబతుకుల విషయం. ఈ మాట గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి.

పరిమాణమే పదవి

క్రీ.పూ. 3100 ప్రాంతానికి చెందిన నార్మర్ పలక ఒకటుంది. 1890ల చివర్లో దక్షిణ ఈజిప్టులోని హైరకాన్‌పొలిస్‌లో దొరికింది. ఎత్తు సుమారు 64 సెంటీమీటర్లు. ఒకవైపు నార్మర్ రాజు గద ఎత్తి శత్రువుని జుట్టు పట్టుకుని కొట్టబోతున్నాడు. వెనక ఒక మనిషి రాజు చెప్పులు పట్టుకుని నిలబడ్డాడు. రాజుతో పోలిస్తే ఆ మనిషి చిన్నపిల్లాడంత ఉంటాడు. దూరంగా ఉన్నాడనో, వయసులో చిన్నవాడనో కాదు, పదవిలో చిన్నవాడని.

ఇదే మొదటి సూత్రం. మన కళ్ళకి దగ్గరున్నది పెద్దగా, దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది. ఈజిప్టు చిత్రకారుడు ఆ లెక్క పాటించలేదు. హోదాని బట్టి కొలత వేశాడు.

ఇది వాళ్ళకే ప్రత్యేకం అనుకోకండి. కృష్ణా తీరంలో జగ్గయ్యపేట స్తూపం నుంచి వచ్చిన ఒక సున్నపురాతి ఫలకం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. చుట్టూ రాణి, మంత్రి, ఏనుగు, గుర్రం, చక్రం. చక్రవర్తి మిగతా అందరికంటే బాగా పెద్దగా ఉంటాడు. నార్మర్ శిల్పికీ మన జగ్గయ్యపేట శిల్పికీ మధ్య సుమారు మూడు వేల ఏళ్ళ దూరం ఉంది. సూత్రం మాత్రం ఒకటే.

రెండో సూత్రం, ప్రతి అవయవాన్నీ అది బాగా గుర్తుపట్టే కోణంలో చూపించడం. మొహం పక్క నుంచి, కన్ను ఎదురుగా, భుజాలు ఎదురుగా, కాళ్ళు మళ్ళీ పక్క నుంచి. ఒక్క చోట నిలబడి చూస్తే ఎవరూ ఇలా కనిపించరు. కానీ మనిషిలో ఏ ముఖ్యమైన భాగమూ దాగిపోకూడదు. పరలోకంలో ఆ బొమ్మే శరీరం కదా!

మూడోది, గళ్ళు. గోడ మీద ఎర్ర రంగుతో గళ్ళు గీసుకుని, నిలబడ్డ మనిషికి పాదాల నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే దాకా 18 గళ్ళు లెక్కేసేవాళ్ళు. తర్వాతి కాలాల్లో ఈ లెక్క మారింది. మన శిల్పశాస్త్రంలోని తాలమానం గురించి విన్నవాళ్ళకి ఇది వెంటనే తెలిసిపోతుంది. ఇక రంగుల విషయానికొస్తే, మగవాళ్ళకి ఎర్రమట్టి రంగు, ఆడవాళ్ళకి లేత పసుపు. ఇవి ఆ మనుషుల అసలు ఒంటిరంగులు కావు, వాడుకలో ఉన్న సంకేతాలు.

రాణి ఎక్కడ నిలబడింది?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. రాజు అంత పెద్దగా ఉంటే, పక్కన రాణి ఎంత ఉండాలి?

దీనికి ఒకే జవాబు లేదు, అదే ఇందులో ఆసక్తికరమైన విషయం. గిజాలో మూడో పిరమిడ్ కట్టించిన మెన్కౌరె రాజు విగ్రహం ఒకటి 1910లో బయటపడింది. ఇప్పుడు అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో ఉంది. రాజు పక్కన ఒక స్త్రీ, ఇంచుమించు అతనంత ఎత్తులో నిలబడింది. ఒక చెయ్యి అతని నడుము చుట్టూ, ఇంకో చెయ్యి అతని చేతి మీద వేసింది. రాజు అడుగు పెద్దది, ఆమె అడుగు చిన్నది. తేడా అంతే. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు, ఇద్దరి చూపూ ఎదురుగానే. విగ్రహం మీద పేరు చెక్కలేదు. అందుకే ఆమె రాణి అని చాలామంది అంటున్నా, రాజు తల్లి అనే వాదన కూడా ఉంది.

దీనికి పూర్తిగా వ్యతిరేకం అబూ సింబెల్ పెద్ద గుడి. క్రీ.పూ. 13వ శతాబ్దంలో రెండో రామ్సెస్ కొండని తొలిచి కట్టించాడు. ముందు నాలుగు కూర్చున్న విగ్రహాలు, నాలుగూ ఆయనవే. ఒక్కొక్కటి సుమారు 20 మీటర్లు. కాళ్ళ మధ్య, కాళ్ళ పక్కన బొమ్మల్లా కొందరు నిలబడి ఉంటారు. వాళ్ళు ఆయన తల్లి తూయ, రాణి నెఫర్తారి, పిల్లలు. ఎవరూ ఆయన మోకాలు దాటరు!

"చూశారా, ఆడవాళ్ళకి విలువ లేదు" అని ఇక్కడే తీర్పు చెప్పేస్తే తొందరపాటు అవుతుంది. కొంచెం దూరంలోనే అదే రాజు కట్టించిన చిన్న గుడి ఉంది. దాని ముందు సుమారు 10 మీటర్ల విగ్రహాలు ఆరు. నాలుగు రాజువి, రెండు నెఫర్తారివి. ఇక్కడ రాణి రాజుతో సమానమైన ఎత్తు. అదే రాజు, అదే రాణి, అదే కాలం. మరి తేడా ఎందుకు? పెద్ద గుడిలో రామ్సెస్ తనని తాను దేవుడిగా నిలబెట్టుకున్నాడు. గర్భగుడిలో ప్టా, అమున్, రా-హొరాఖ్టి దేవుళ్ళ వరుసలోనే ఆయనా కూర్చున్నాడు. దేవుడి కాళ్ళ దగ్గర ఎవరైనా చిన్నవాళ్ళే. చిన్న గుడి హాథర్ దేవతది, అక్కడ రాణిని ఆ దేవతతో కలిపి చూపించారు. కాబట్టి ఆమె కూడా పెద్దదయ్యింది. అంటే ఆ ఎత్తు చెప్పేది ఆ గుడిలో ఆమె పాత్ర ఏమిటో. ఇంట్లో ఆమె మాటకి ఎంత విలువో దాన్ని బట్టి చెప్పలేం.

రామ్సెస్ కంటే ముందే మూడో అమెన్‌హోటెప్ తన రాణి తియిని తనతో సమానంగా కూర్చోబెట్టాడు. సుమారు 7 మీటర్ల ఆ జంట విగ్రహం కైరో తహ్రీర్ మ్యూజియం మధ్య హాల్లో ఉంది. ముగ్గురు కూతుళ్ళు మాత్రం వాళ్ళ కాళ్ళ దగ్గర చిన్నగా నిలబడ్డారు. తియి రాజవంశంలో పుట్టలేదు, అయినా ఆ ఎత్తు ఆమెకి దక్కింది.

పిల్లలు, పిల్లవాడైన రాజు

పిల్లల్ని గుర్తుపట్టడం తేలిక. తల గొరిగి ఒక పక్కన మాత్రం జడ, నోటి దగ్గర వేలు, చాలాసార్లు ఒంటి మీద బట్టలుండవు. పెద్దవాళ్ళయిన రాకుమారులకి కూడా కొన్నిసార్లు ఆ పక్కజడ పెట్టేవాళ్ళు. "ఇతను కొడుకు" అని చెప్పడానికి అదే గుర్తు.

మరి పిల్లవాడే రాజైతే? న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ మ్యూజియంలో 40 సెంటీమీటర్లు కూడా లేని ఒక చిన్న విగ్రహం ఉంది. రాణి ఒడిలో రెండో పెపి కూర్చున్నాడు. చిన్నవయసులోనే రాజయ్యాడు. తల్లి ఒడిలో పట్టేంత చిన్న శరీరం, కానీ తల మీద రాజుల తలపాగా, పెద్దవాళ్ళ కూర్చునే తీరు. చిన్నపిల్లాడిలా కాదు, కుదించిన పెద్దమనిషిలా ఉంటాడు. రాజుకి బాల్యం ఉండకూడదు! అయితే శిల్పి ఒక పని చేశాడు. పెద్దరాణి ఒడి ఎంత పెద్దదో చూపించి, ఆ రోజుల్లో రాజ్యం ఎవరి చేతిలో ఉందో చెప్పకనే చెప్పాడు.

ముద్దు పెట్టుకున్న ఫారో

క్రీ.పూ. 1350 ప్రాంతంలో ఈ వ్యాకరణాన్ని ఒక రాజు తలకిందులు చేశాడు. తియి కొడుకు అఖెనాతెన్. పాత దేవుళ్ళని పక్కన పెట్టి, సూర్యబింబం అయిన ఆతెన్‌ని ఒక్కడినే కొలవాలన్నాడు. ఇప్పుడు అమర్నా అని పిలిచే చోట కొత్త రాజధాని కట్టాడు.

బెర్లిన్‌లో ఉన్న ఒక చిన్న రాతి ఫలకం చూడండి. ఎదురెదురుగా అఖెనాతెన్, రాణి నెఫర్టిటి కూర్చున్నారు. రాజు పెద్దకూతురు మెరితాతెన్‌ని ఎత్తుకుని ముద్దు పెడుతున్నాడు. రెండో కూతురు తల్లి ఒడిలో ఉంది. మూడోది, అందరికంటే చిన్నది, అంఖెసెన్‌పాతెన్, తల్లి భుజం మీద ఎక్కి ఆడుతోంది. పైన సూర్యుడు, ఒక్కో కిరణం చివర ఒక చిన్న చెయ్యి. రాజు, రాణి ముక్కుల దగ్గర ఆ చేతులు జీవచిహ్నం పట్టుకుని ఉన్నాయి.

అంతకు ముందు వెయ్యేళ్ళకి పైగా ఏ ఫారో ఇలా కూతురిని ముద్దాడుతూ కనిపించలేదు. మొదటిసారి చూసినప్పుడు మనింట్లో తీసుకున్న ఫోటోలా అనిపిస్తుంది. సంవత్సరానికి ఒకసారి ఇంటికి వెళ్ళే గల్ఫ్ తండ్రులకి ఆ బొమ్మ గుండెని తాకుతుంది కూడా.

కానీ ఇది ఇంటి ఫోటో కాదు. ఇలాంటి ఫలకాలు ఆ ఊళ్ళో పెద్దల ఇళ్ళల్లో పూజకి పెట్టుకున్నవి. ఆతెన్ జీవాన్ని ఇచ్చేది రాజుకి, రాణికి మాత్రమే. ప్రజలు వాళ్ళ ద్వారా అందుకోవాలి. పాత దేవుళ్ళ కుటుంబాలు పోయిన చోట ఈ రాజకుటుంబమే కొత్త దేవుడి కుటుంబం అయ్యింది. ఆ ముద్దులో ప్రేమ లేదని నేననడం లేదు. ఆ ముద్దుని రాయి మీద చెక్కించి ఇంటింటా పెట్టించడంలో రాజకీయం ఉందని మాత్రం అంటున్నాను. ఇంకో సంగతి, ఆ ఫలకంలో రాజ్యాల ఐక్యతకి గుర్తయిన ముడి చెక్కి ఉన్నది రాణి పీట మీద. రాజు పీట సాదాగా ఉంది!

ఇంతకీ కొడుకులెక్కడ? ఆ కుటుంబ చిత్రాల్లో ఎప్పుడూ కూతుళ్ళే, మొత్తం ఆరుగురు. అబ్బాయిలు కనిపించరు. కానీ టుటంఖామున్‌ని 'రాజు కొడుకు' అని పేర్కొన్న ఒక రాయి దొరికింది. 2010లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం లోయలోని ఒక గుర్తుతెలియని మమ్మీని అతని తండ్రిగా తేల్చింది. అది అఖెనాతెన్‌దే అని చాలామంది అభిప్రాయం. చిత్రంలో లేనంత మాత్రాన ఇంట్లో లేడని కాదు.

అఖెనాతెన్ బొమ్మల్లో సాగిన మొహం, సన్నని మెడ, లావైన తొడలు చూసి ఆయనకి ఏదో జబ్బు ఉండేదని చాలాకాలం డాక్టర్లు రాశారు. అదే 2010 పరిశీలనలో అలాంటి జబ్బు ఆధారాలు దొరకలేదు. ఆ రూపం ఒక శైలి అన్నమాట.

ఆ కుటుంబం బొమ్మల్లో ఒకటి మాత్రం ఎవరినైనా ఆపేస్తుంది. రెండో కూతురు మెకెతాతెన్ చనిపోయింది. అమర్నా రాజసమాధి గోడ మీద అఖెనాతెన్, నెఫర్టిటి వంగి, చేతులు తల దాకా ఎత్తి ఏడుస్తున్నారు. ఓటమీ ఏడుపూ ఎరగని ఫారోల బొమ్మల మధ్య ఈ ఒక్క చోట తల్లిదండ్రులు కనిపిస్తారు.

ఆ తర్వాత సంగతి టుటంఖామున్ బంగారు సింహాసనం మీద ఉంది. యువరాజు లాంటి రాజు కూర్చున్నాడు, రాణి వంగి అతనికి పరిమళ తైలం రాస్తోంది. ఆ రాణి పేరు అంఖెసెనామున్. బెర్లిన్ ఫలకంలో తల్లి భుజం మీద ఆడుకున్న పాపే ఈమె. దేవుడు మారాడు కాబట్టి పేరు చివర 'ఆతెన్' పోయి 'అమున్' వచ్చింది. టుటంఖామున్ ఇరవై ఏళ్ళు నిండకుండానే పోయాడు. వాళ్ళిద్దరికీ పుట్టిన పిల్లలని భావిస్తున్న రెండు మృతశిశువుల మమ్మీలు అతని సమాధిలోనే దొరికాయి. సింహాసనం మీద జంట ఎంత అందంగా ఉందో, ఆ సమాధిలోని చిన్న పెట్టె అంత బాధగా ఉంటుంది.

చెరిపేసిన రాణి, మగపేరు పెట్టుకున్న మన రాణి

క్రీ.పూ. 15వ శతాబ్దంలో హాట్షెప్సుట్ అనే రాణి, చిన్నవాడైన సవతి కొడుకు మూడో తుత్మోసిస్ తరఫున పాలన మొదలుపెట్టి, కొన్నేళ్ళకి తానే ఫారో అయ్యింది. ఇక్కడ శిల్పులకి చిక్కొచ్చింది. ఫారో రూపం అంటే మగరూపం. గడ్డం, పంచె, వెడల్పాటి ఛాతీ. ఆమె విగ్రహాలు చాలావాటిలో అలాగే ఉంటాయి. పక్కన రాత మాత్రం చాలాచోట్ల స్త్రీలింగంలోనే ఉంటుంది. ఎవరినీ మోసం చేయడానికి కాదు, ఆ పదవికి ఉన్న యూనిఫాం అది.

మనకి వెంటనే రుద్రమదేవి గుర్తొస్తుంది కదూ! 1262 నుంచి 1289 దాకా కాకతీయ రాజ్యం ఏలిన ఆమెని శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అంటాయి. సింహాసనం మగవాడిదే అనుకునే చోట ఆడమనిషి కూర్చోవాలంటే నైలు తీరంలో గడ్డం పెట్టారు, ఓరుగల్లులో పేరు మార్చారు.

హాట్షెప్సుట్ పోయిన సుమారు ఇరవై ఏళ్ళకి తుత్మోసిస్ ఆమె బొమ్మలు చెక్కేయించాడు, పేర్లు తీయించాడు. ఇది పగ అని పాత పుస్తకాలు రాశాయి. పగ అయితే ఇరవై ఏళ్ళు ఎందుకు ఆగాడు? తన కొడుక్కి వారసత్వం ఏ ప్రశ్నా లేకుండా అందాలని చేశాడని ఇప్పుడు చాలామంది అంటారు. తర్వాత ఒకటో సెటి కాలంలో అబిడోస్ గుడిలో 76 మంది రాజుల పేర్ల వరుస చెక్కారు. అందులో హాట్షెప్సుట్ లేదు, అఖెనాతెన్ లేడు, టుటంఖామున్ కూడా లేడు. రెండోసారి చావు అన్నానే, అదే ఇది. విచిత్రం ఏమిటంటే ఆ జాబితాలో లేని టుటంఖామున్ పేరే ఈరోజు స్కూలు పిల్లలకి కూడా తెలుసు. అందరూ మర్చిపోయిన కారణంగా అతని సమాధి 1922 దాకా దాదాపు చెక్కుచెదరకుండా మిగిలింది.

మన రాజకుటుంబాలు

ఇప్పుడు మా మిత్రుడి ప్రశ్నకి జవాబు. మన దేశంలో తెలిసిన తొలి రాజకుటుంబ విగ్రహాల వరుస శాతవాహనులది. పుణె జిల్లా జున్నర్ దగ్గర నానేఘాట్ కనుమలో ఒక గుహ ఉంది. సిముక, రాణి నాయనిక, శ్రీ శాతకర్ణి, రాకుమారులు, మహారఠి ఒకరు - ఈ వరుసలో విగ్రహాలు ఉండేవి. ఒక పేరుపట్టీలో రాణి పేరు ముందు, రాజు పేరు తర్వాత. మామూలుగా రాజుల వంశంలో కనిపించని మహారఠి ఆ వరుసలో ఉండటం పెళ్ళితో కుదిరిన పొత్తుని చూపిస్తుంది. విగ్రహాలు పోయాయి. పాదాల ఆనవాళ్ళు, పైన బ్రాహ్మీలిపిలో పేర్లు మాత్రం మిగిలాయి. ఈజిప్షియన్లు చూస్తే "పేరుంది కదా, బతికే ఉన్నారు" అనేవాళ్ళేమో!

కర్ణాటకలో సన్నతి దగ్గర కనగనహళ్ళి స్తూపంలో రాణితో, పరిచారకులతో నిలబడ్డ ఒక రాజు శిల్పం ఉంది. పైన 'రాయ అశోక' అని రాసి ఉండబట్టి అశోకుడని తెలిసింది. అక్కడే శాతవాహన రాజులు కొందరు పేర్లతో సహా ఉన్నారు. మన నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు చాంతమూలుడు పోయాక, ఆయన కుటుంబ స్త్రీలు స్మారకంగా ఛాయాస్తంభం ఎత్తించారు. ఛాయ అంటే రూపం. రాజు బొమ్మని ఇంటి ఆడవాళ్ళు నిలబెట్టిన సందర్భం అది.

అన్నట్టు, అబూ సింబెల్‌కీ నాగార్జునకొండకీ ఒక చుట్టరికం ఉంది. ఆస్వాన్ ఆనకట్ట నీళ్ళలో మునిగిపోకుండా 1964-68 మధ్య యునెస్కో ఆధ్వర్యంలో అబూ సింబెల్‌ని ముక్కలుగా కోసి సుమారు 65 మీటర్ల ఎత్తుకి మార్చారు. ఇంచుమించు అదే కాలంలో నాగార్జునసాగర్ నీళ్ళ నుంచి కాపాడిన కట్టడాలని, శిల్పాలని కొండ మీదకి చేర్చి 1966లో మ్యూజియం తెరిచారు.

ఇక తిరుమల. మహాద్వారం దాటగానే కుడివైపు మండపంలో రాగితో చేసిన మూడు విగ్రహాలు ఉన్నాయి. మధ్యలో శ్రీకృష్ణదేవరాయలు, రెండు పక్కలా తిరుమలదేవి, చిన్నాదేవి. రాయలు 1513 నుంచి 1521 వరకు ఏడుసార్లు తిరుమల వచ్చారు. ఇవి ఆయన బతికుండగా పెట్టించినవే. ఎదురువైపు వేంకటపతిరాయల విగ్రహం, అచ్యుతదేవరాయలు, వరదాజిఅమ్మల రాతి విగ్రహాలు ఉన్నాయి.

ఇప్పటిదాకా నేర్చుకున్న వ్యాకరణం ఇక్కడ వాడి చూద్దాం. రాణులు రాజు మోకాలి దగ్గర లేరు, ఇంచుమించు ఆయనంత ఎత్తులోనే ఉన్నారు. ముగ్గురి చేతులూ జోడించే ఉన్నాయి. ఆ మండపంలో రాజు ఎవరికంటే పెద్ద అన్నది ప్రశ్నే కాదు, ఎందుకంటే పెద్దవాడు లోపలున్నాడు. అబూ సింబెల్‌లో రామ్సెస్ దేవుళ్ళ వరుసలో కూర్చున్నాడు. తిరుమలలో రాయలు ద్వారం దగ్గర నిలబడ్డాడు. ఇది వినయమే, కాదనను. కానీ ఎప్పటికీ స్వామి సన్నిధిలోనే ఉండిపోయే చోటు, వచ్చే ప్రతి భక్తుడూ దాటి వెళ్ళే చోటు, ఇద్దరు రాణులతో సహా దక్కించుకోవడంలో రాజసం కూడా ఉంది.

పోలిక మాటేమిటి? 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ రాయలవారిని చూసి రాశాడు. మధ్యస్థమైన ఎత్తు, మంచి ఛాయ, కాస్త ఒళ్ళు, మొహం మీద స్ఫోటకం మచ్చలు. విగ్రహంలో ఆ మచ్చలు వెతకకండి, దొరకవు. అక్కడున్నది రాయలవారి 'రాజు' రూపం.

హైదరాబాద్ మమ్మీ, మన జేబులోని దీనారు

ఈజిప్టు వెళ్ళడం కుదరనివాళ్ళకి హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం ఉంది. అక్కడి మమ్మీని నిజాం కుటుంబపు నవాబు నజీర్ నవాజ్ జంగ్ 1920లో కొని తెచ్చి ఏడో నిజాంకి ఇచ్చారని, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చారని చెప్తారు. ఆమె పేరు నైషు అని, ఫారో కూతురని అంటారు. క్రీ.పూ. 300-100 మధ్య కాలానికి చెందినదని అంచనా. అంటే అప్పుడు ఈజిప్టుని ఏలినవాళ్ళు గ్రీకు సంతతి టోలెమీ రాజులు. వాళ్ళు కూడా గుడి గోడల మీద పాత ఫారోల వేషంలోనే, అదే కిరీటాలతో, అదే పక్కమొహంతో బొమ్మలు వేయించుకున్నారు. వంశం మారినా వ్యాకరణం మారలేదు.

అదే శతాబ్దాల్లో మన పక్కనున్న ఫైలకా దీవి అలెగ్జాండర్ వారసుల్లో ఇంకో శాఖ అయిన సెల్యూసిడ్ రాజుల కింద ఉండేది. నమ్మకం కుదరకపోతే జేబులోని ఒక దీనారు నోటు తిప్పి చూడండి. 2014లో వచ్చిన ఆ నోటు వెనక ఫైలకాలోని గ్రీకు నాగరికత బొమ్మ ఉంటుంది. 1961లో, అంతకు ముందు ఇక్కడ చెలామణీలో ఉన్న మన రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ రూపాయల స్థానంలో వచ్చిన మొదటి దీనారు నోట్ల మీద అమీర్ షేక్ అబ్దుల్లా అల్-సాలెం చిత్రం ఉండేది. కొత్త దేశపు కొత్త డబ్బుకి కొత్త ముఖం. ఏ కాలంలోనైనా పాలకుడి బొమ్మ ఒక మాట చెప్పడానికే ఉంటుంది.

చూసేటప్పుడు నాలుగు ప్రశ్నలు

గిజా పిరమిడ్ల దగ్గర గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం 2025 నవంబరులో పూర్తిగా తెరుచుకుంది. టుటంఖామున్ సమాధిలో దొరికిన 5,000కి పైగా వస్తువులు అక్కడ ఒకేచోట ఉన్నాయి, బంగారు సింహాసనంతో సహా. నార్మర్ పలక, తియి జంట విగ్రహం మాత్రం పాత తహ్రీర్ మ్యూజియంలో చూడాలి. రెండింటికీ చెరో రోజు పెట్టుకోండి. ఏ బొమ్మ ముందు నిలబడ్డా నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఎవరు పెద్దగా ఉన్నారు? ఎవరు ఎవరిని తాకుతున్నారు? పేరు ఉందా, గీకేశారా? ఈ కుటుంబంలో ఎవరు కనిపించడం లేదు? పిల్లలున్నవాళ్ళు జవాబులు మీరు చెప్పకండి, వాళ్ళనే వెతకనివ్వండి. పెద్దవాళ్ళకంటే వాళ్ళే తొందరగా పట్టేస్తారు.

ఈ ప్రశ్నలకి వీసా, టికెట్ అక్కర్లేని చోటు కూడా ఒకటుంది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు మనలో చాలామంది తిరుమల వెళ్తాం. మహాద్వారం దగ్గర క్యూ కదులుతూ ఉంటుంది, వెనక నుంచి తోసుకొస్తుంటారు, మన ధ్యాసంతా లోపల దర్శనం మీద. లోపలికి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఫోటో కూడా తీయలేం. కుడివైపు ఒక్క క్షణం తల తిప్పండి. అయిదు వందల ఏళ్ళుగా చేతులు జోడించి నిలబడ్డ భార్యాభర్తలు ముగ్గురు అక్కడ కనిపిస్తారు. పేర్లు తెలుసు కాబట్టి మనసులో ఒకసారి పలకండి - తిరుమలదేవి, కృష్ణరాయలు, చిన్నాదేవి.